దసరాకు మార్చాల్సిన బ్యాటరీ

కరోనా సద్దుమణిగినంక వచ్చిన రెండో దసరా అది. అప్పుడు నా కొలువు సిద్దిపేటల, ఫీల్డ్ టెక్నీషియన్. గజ్వేల్ నుంచి కోహెడ దాక, ఇటు దుబ్బాక దాక, దవాఖానలల్ల, బ్యాంకులల్ల, స్కానింగ్ సెంటర్లల్ల ఉండే కంప్యూటర్ డిస్కుల పెట్టెలను మా కంపెనీ చూస్తుండె. పండుగ పొద్దున ఒక స్కానింగ్ సెంటర్‌కు పోయి, డిస్కుల పెట్టెల బ్యాటరీ మార్చి రావాలె. నాకు అప్పజెప్పిన పని అంతే. గంటసేపట్ల అయిపోయే పని.

నేను ఏడో తరగతి దాకనే చదువుకున్న. మా అన్నకు ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం ఉండె. దాంట్ల డిస్టిల్డ్ వాటర్ పోసుకుంట, వైర్లు బిగించుకుంట పని పట్టుకున్న. ఆ దుకాణానికి వచ్చే కంపెనోళ్లే నన్ను తీసుకపోయి ట్రైనింగ్ ఇచ్చిన్రు. మా కొలువుల రెండు మెట్లు ఉంటయి. ఇంజనీర్ హైదరాబాద్‌ల కూసొని ఫోన్ల చెప్తడు, టెక్నీషియన్ జాగ మీద చేస్తది. ఏది ఇప్పాలె, ఏది పెట్టాలె, స్క్రీన్ మీద ఏది నొక్కాలె, అదంత ఇంజనీర్ మాట. ఇప్పే చెయ్యి మాత్రం మాది. నా ఇంజనీర్ పేరు శ్రీధర్ సార్. వయసుల నా కొడుకంత ఉంటడు, గని పనిల నెమ్మది మనిషి. "సుగుణమ్మా, తొందర లేదు, ముందు చూసి చెప్పు" అనేది ఆయన మొదటి మాట ఎప్పుడైనా.

ఈ పెట్టె అంటే ఏందో మా మనుమరాండ్లకు చెప్పినట్టే మీకు చెప్త. పెట్టెల ఏడెనిమిది డిస్కులు వరసగా ఉంటయి. అది ఉమ్మడి కుటుంబం లెక్క. ప్రతి బొమ్మను ముక్కలు చేసి అన్ని డిస్కులల్ల పంచి పెడ్తరు, ఒక డిస్కు పడిపోయినా మిగిలినోళ్లు దాని భాగం ఎత్తుకుంటరు. ఒక్కసారే రెండు పడిపోతే మాత్రం ఇల్లు కూలినట్టే. ఎవల దగ్గర ఏది పెట్టాలె, ఎట్ల తియ్యాలె అని చూసే ఇంటి పెద్ద ఒక కార్డు. దాన్ని కంట్రోలర్ అంటరు. దాని లోపట ఉండే చదువు ఫర్మ్‌వేర్. కాలం మారినకొద్దీ ఆ చదువు గూడ కొత్తది ఎక్కించాలె.

ఇగ బ్యాటరీ. ఇది ముఖ్యం. స్కాన్ మెషిన్ నుంచి బొమ్మలు ఒక్కసారే కుమ్మరించినట్టు వస్తయి. డిస్కులు అంత గబగబ రాసుకోలేవు. అందుకని కంట్రోలర్ ముందు ఒడి పడ్తది. ఒడిల పడంగనే, "ముట్టింది, నువ్వు పో" అని మెషిన్‌కు చెప్తది. తర్వాత నిమ్మలంగ డిస్కులల్ల సర్దుతది. ఆ ఒడి పేరు క్యాష్. ఇది కరెంటు ఉన్నంత సేపే పట్టుకుంటది. ఒడి నిండుగ ఉండంగ కరెంటు పోతే? అందుకే చిన్న బ్యాటరీ. కరెంటు లేకపోయినా అది ఒకటి రెండు రోజులు ఒడి జారకుంట పట్టుకుంటది. బ్యాటరీ చచ్చిపోతే కంట్రోలర్ తెలివిగల్లది, ఒడి పట్టుడు బంద్ చేస్తది. ప్రతిదీ డిస్కుల పెట్టి వచ్చినంకనే ముట్టింది అంటది. అది మంచి పద్ధతి. గని పెట్టె నత్త నడక నడుస్తది.

ఆ సెంటర్ల వానకాలంలనే బ్యాటరీ చచ్చింది. సెంటర్‌కు మేనేజర్ రాజిరెడ్డి సార్. అసలు యజమాని డాక్టర్ హైదరాబాద్‌ల ఉంటడు, ఈయన ఆయన బావమరిది. బ్యాటరీ మార్చాలంటే పెట్టెను పద్ధతి ప్రకారం ఆపాలె, ఆపితే ఆ పూట స్కాన్లు ఆగుతయి. నేను రెండు మాట్ల అడిగిన. రాజిరెడ్డి సార్ నవ్విండు.

"సుగుణక్కా, బయట బెంచీల మీద మనుషులను చూసినవా? వాళ్లకేం చెప్పాలె? మా బ్యాటరీకి జరమొచ్చింది, రేపు రాండ్రి అనాల్నా? దసరాకు ఎట్లాగూ అన్ని మెషిన్లు ఆపి పూజ చేస్తం గద. అప్పుడు వచ్చి మార్చుకో. పండుగకు కొత్త బట్ట కట్టినట్టు ఉంటది."

ఆ మాట అందరికీ నచ్చింది. మా దిక్కు ఇది అలవాటే. ఆటోకైనా, వరి మిషన్‌కైనా, పిండి గిర్నీకైనా, పెద్ద రిపేరు దసరా పూజకే చేపిస్తరు. ఆ నాడు చేతి పనిముట్టు తాకొద్దు, దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి కూసోపెట్టాలె. ఎట్లాగూ ఆగి ఉంటది గనుక రిపేరు గూడ అప్పుడే. అప్పటిదాక పెట్టె నత్తలెక్క నడుస్తుంటే ఊకోరు గద. బ్యాటరీ లేకపోయినా ఒడి పట్టమని కంట్రోలర్‌కు గట్టిగ చెప్పే ఒక సెట్టింగ్ ఉంటది. అది పెట్టమని సెంటరోళ్లు ఒత్తిడి చేసిన్రు. శ్రీధర్ సార్ మెయిల్ రాసిండు. కరెంటు తీసే ముందు పెట్టెను పద్ధతిగ ఆపకపోతే బొమ్మలు పోతయి అని అండ్ల ఉంది. వాళ్లు సరే అన్నరు. సెట్టింగ్ పెట్టినం. యూపీఎస్ ఉంది, జనరేటర్ ఉంది, కరెంటు ఎట్ల పోతది అని అందరి ధైర్యం.

కరెంటు పోలేదు. తీసిన్రు.

దసరాకు ముందటి దినం సద్దుల బతుకమ్మ. సెంటర్ల పనిచేసే ఆడోళ్లు మధ్యాహ్నమే ఇండ్లకు పోయిన్రు. స్కాన్ తీసే షాహెదా ఒక్కతే ఉన్నది. ముప్పై ఏండ్ల పిల్ల, పనిల చురుకు, నోట్ల ఎప్పుడూ ఒక జోకు ఉంటది. "మీరు పోయి పూలు పేర్చుకోండ్రి, నాకు ఈద్‌కు సెలవిచ్చినప్పుడు మీరు చూడలేదా" అని తానే వాళ్లను పంపింది. ఆ రోజు ఆఖరు పేషెంట్ దుబ్బాక నుంచి వచ్చిన బాలమణి.

బాలమణి పెనిమిటి నర్సింలు మగ్గం నేస్తడు, టవళ్లు, చీరెలు. ఆమెకు ఒక కిడ్నీ దగ్గర గడ్డ ఉన్నదని తేలింది. కిడ్నీలు ముందే బలం తక్కువ. గడ్డ కిడ్నీకి ఎంత దగ్గర, ఏ నెత్తురు నరాలను పట్టుకున్నది అని చూడాలంటే, అవి తెల్లగ కనబడేటట్టు డై ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ తియ్యాలె. ఆ డై కిడ్నీలకు బరువు. హైదరాబాద్ కిడ్నీ డాక్టర్, ముందు సెలైన్ పెట్టి, తర్వాత సెలైన్ పెట్టి, ఒక్కసారి తియ్యనిచ్చిండు. మళ్ల మళ్ల ఇయ్యొద్దు అని కాయితం మీద రాసి కింద గీత గీసిండు. కోసే డాక్టర్ దసరా ఎల్లినంక ఆ బొమ్మలు చూసి, ఎట్ల కొయ్యాల్నో చెప్తానన్నడు.

షాహెదా స్కాన్ మంచిగ తీసింది. బాలమణి ఊపిరి బిగపట్టి, చెప్పినట్టు కదలకుండ పండుకున్నదట. బొమ్మలు పెట్టెకు పంపింది. స్కాన్ మెషిన్ సొంత డిస్కు చిన్నది, అందుకని పెట్టెకు ముట్టినంక ఆ పూటకు ఆ పూట తుడిచెయ్యాలని సెంటర్ పద్ధతి. ఆ లోపటనే రాజిరెడ్డి సార్, కరెంటు పని చేసే ఆయన, బకెట్లు, పసుపు గిన్నెలు పట్టుకొని తలుపు కాడ నిలవడ్డరు. గదులు తుడిచి, మెషిన్లకు తడి బట్ట పెట్టి, బొట్లు పెట్టి పోవాలె, ఇంట్ల బతుకమ్మ ఉంది.

"అయిందా షాహెదా? మా ఇంట్ల పూలు వాడిపోతున్నయి."

"ఆగుండ్రి సార్, పోతున్నయి."

"నీకేం పిల్లా, మాకు బతుకమ్మ."

స్క్రీన్ మీద గీత నిండింది, అన్ని ముట్టినయి అని చూపించింది. షాహెదా పద్ధతి ప్రకారం మెషిన్‌ల బొమ్మలు తుడిచింది. "అయిపోయింది సార్" అన్నది. రాజిరెడ్డి సార్ చెయ్యి ఊపిండు. తడి బట్టకు షాక్ కొట్టొద్దని ముందు యూపీఎస్ తీసిన్రు, ఆ వెంటనే మెయిన్ తీసిన్రు. బొమ్మలు ముట్టినయి అన్నది అబద్ధం కాదు. ఒడిల ముట్టినయి.

ఇవన్ని నాకు మర్నాడు షాహెదా, రాజిరెడ్డి సార్ చెరో నోటితోని చెప్పినయి. నేను కండ్లతోని చూసింది పండుగ పొద్దుటి సంగతి.

బ్యాటరీ సంచిల వేసుకొని నేను పోయేసరికి సెంటర్ ముందట మామిడాకులు, బంతిపూల దండలు కట్టి ఉన్నయి. లోపల గుమ్మడికాయ కొట్టిన ఎర్రటి మరక. పూజ అయిపోయింది. మంచి గడియ అని నేను రాకముందే కరెంటు వేసిన్రు. మెట్ల మీద ఉండంగనే నాకు పెట్టె కూత ఇనబడ్డది. కంట్రోలర్ బాధలో ఉంటే పొడుగ్గ కూస్తది, పాలు మరిచిన లేగ లెక్క.

మెషిన్ గది తలుపు తీసి చూసిన. పెట్టెకు బొట్లు పెట్టిన్రు. పైన పెడితే ఏం కాకపోవు. ఎవలో మనసుపెట్టి చేసిన్రు, ఒక్కొక్క డిస్కును బయటకు గుంజి, తుడిచి, ముఖానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మళ్ల లోపలికి తోసిన్రు. ఎక్కడిది అక్కడ పెట్టలే. పసుపు నీళ్లు కారి రెండు డిస్కుల వెనక పండ్ల లాగ ఉండే కనెక్టర్ల మీద ఆరిపోయి ఉంది. ఇంకొంత కంట్రోలర్ కార్డు మీద గూడ పడ్డది.

శ్రీధర్ సార్‌కు ఫోన్ చేసిన. ఆయన పండుగ పూట పిల్లలతోని గుడికి పోయే తొవ్వల ఉన్నడు. కారు పక్కకు ఆపుకొని మాట్లాడిండు.

"సుగుణమ్మా, స్క్రీన్ మీద ఏమడుగుతుంది?"

"డిస్కులు నావి కావు, కొత్తగ మొదలు పెట్టాల్నా అని అడుగుతుంది సార్."

"ఎవరైనా ఏదైనా నొక్కిన్రా?"

"లేదు సార్. కూత ఇని భయపడి ఎవలు దగ్గరికి పోలేదంట."

"దేవుడు సల్లగ చూసిండు. ఏమీ నొక్కకు. ముందు కార్డు మీద చిన్న దీపం చూడు, మెమరీ పక్కన. మిణుకుతున్నదా?"

ఆ దీపం సంగతి చెప్పాలె. ఒడిల ఇంకా బొమ్మలు పట్టుకొని ఉంటే ఆ దీపం ఆకుపచ్చగ మిణుకుతది. చచ్చిన బ్యాటరీ గూడ ఒక్కోసారి కొసప్రాణంతోని ఒక రాత్రి పట్టుకుంటది. నేను అట్ల రెండు మూడు జాగలల్ల చూసిన. అందుకని ఆశ ఉండె. వంగి చూసిన. టార్చి తీసేసి, చెయ్యి అడ్డం పెట్టి, చీకటి చేసి చూసిన. బ్యాటరీ ఉబ్బి, పూరీ లెక్క ఉన్నది. దీపం లేదు.

"లేదు సార్" అన్న.

ఆయన, "డిస్కుల మీద ఎంత ముట్టిందో చూద్దాం. అప్పటిదాక ఎవరికీ ఏమీ చెప్పకు, ఉందని చెప్పకు, లేదని చెప్పకు" అన్నడు. అది మా పనిల నియమం. చూడని దాని గురించి మాట్లాడొద్దు.

గది బయట బెంచీ మీద నర్సింలు కూసొని ఉన్నడు. నేను పోయేటప్పటికే ఉన్నడు. సన్నటి మనిషి, ఏలికొసల మీద రంగు మరకలు. పక్కన బాలమణి, చెయ్యికి సెలైన్ సూది ఇంకా ప్లాస్టర్ కింద ఉన్నది. రాత్రంత ఎదురుగ ఉన్న చిన్న దవాఖానల సెలైన్ ఎక్కించుకొని పొద్దున వచ్చిన్రు. బొమ్మల సీడీ తీసుకొని దుబ్బాక పోయి, పండుగ ఎల్లంగనే హైదరాబాద్ పోవాలె అని వాళ్ల లెక్క. షాహెదా వాళ్లకు ఛాయ్ ఇప్పిచ్చి, పెట్టె రిపేరు అయితుంది అని చెప్పింది. ఆమె గొంతుల జోకు లేదు.

మా ఎదుట రెండు పనులున్నయి. ఒకటి, డిస్కులను బాగు చేసి పాత క్రమంల పెట్టుడు. రెండు, తడిసిన కంట్రోలర్‌ను మార్చుడు. డిస్కులకు మేం ముందే నంబర్ చీటీలు అతికిస్తం గనుక క్రమం తెలిసింది. కనెక్టర్లను స్పిరిట్‌తోని మెత్తటి బ్రష్ పెట్టి తుడిచిన. పసుపు మరక బట్టకే పోదు, బంగారు పూత పండ్లకు అంటుకుంటే ఊకె పోతదా. ఒక్కొక్క పన్ను తుడుచుకుంట పోయిన. స్పేర్ కంట్రోలర్ హైదరాబాద్ స్టోర్ నుంచి రావాలె. పండుగ రోజు కొరియర్ ఉండదు. శ్రీధర్ సార్ గుడికి పోలేదు, తానే స్టోర్ తెరిపించి, కార్డు డబ్బల పెట్టి, సిద్దిపేట వచ్చే బస్ కండక్టర్ చేతికి ఇచ్చిండు. కండక్టర్ దాన్ని ఒళ్లె పెట్టుకొని తెచ్చిండు. బస్టాండుల అందుకుంటే, "పిలగాని లెక్క తెచ్చిన అమ్మా, గజ్వేల్‌ల ఒకామె దీని మీద కూసోబోయింది" అన్నడు. ఆ రోజు మేం నవ్విన మాట అదొక్కటే.

స్పేర్ కార్డు ఫర్మ్‌వేర్ పాతది. పెట్టె మీద నడుస్తున్నది కొత్తది. పాత చదువు చదివిన పెద్దమనిషి కొత్త లెక్కలను తప్పు చదివితే, డిస్కులు ఖాళీగ ఉన్నయనుకొని తుడిచిపెట్టొచ్చు. అందుకని ముందు కార్డు ఒక్కదానికే, డిస్కులు తగిలియ్యకుంట, ఫర్మ్‌వేర్ ఎక్కియ్యాలె. ఎక్కించేటప్పుడు మధ్యల ఆపొద్దు, ఆపితే కార్డు రాయి అయిపోతది.

రాజిరెడ్డి సార్ ఓర్చలే. "అక్కా, గది సెల్‌ఫోన్ అప్‌డేట్ లెక్కనే గద. తర్వాత చేసుకోరాదు? మా డాక్టర్ రెండు మాట్ల ఫోన్ చేసిండు. రేపటికి పేషెంట్లు లైన్ కడ్తరు. కొత్తగ మొదలు పెట్టుండ్రి, పాతయి తర్వాత చూద్దాం."

ఫోన్ స్పీకర్‌ల ఉన్నది. శ్రీధర్ సార్ అన్నడు: "సార్, కొత్తగ మొదలు పెడితే తర్వాత చూసుడు ఉండదు. మీ సెంటర్ పెట్టిననాటి నుంచి ఉన్న బొమ్మలన్ని పోతయి. మీరు మెయిల్ పెట్టుండ్రి, నొక్కిస్త."

రాజిరెడ్డి సార్ మెయిల్ పెట్టలే. బయటకు పోయి మామిడాకులు సర్దుకుంట నిలవడ్డడు.

మధ్యాహ్నం దాటినంక ఫర్మ్‌వేర్ ఎక్కింది. కొత్త బ్యాటరీ పెట్టిన. డిస్కులు ఒక్కొక్కటి తోసిన. శ్రీధర్ సార్ చెప్పినట్టు, కొత్తగ మొదలు పెట్టకుండ, పాత అమరికను గుర్తు పట్టమనే దాన్ని నొక్కిన. పసుపు పడ్డ రెండు డిస్కులల్ల ఒకటి లేచింది, ఒకటి లేవలే. ఒకటి పడిపోయినా ఇల్లు నిలుస్తది గద, నిలిచింది. కూత ఆగింది. ఆ గదిల అంత నిశ్శబ్దం నేను ముందెప్పుడూ ఇనలే.

పాత బొమ్మలు వచ్చినయి. ఏండ్ల కిందటివి, ఎవలెవలో కాళ్లు, తలలు, పొట్టలు అన్ని వచ్చినయి. రాజిరెడ్డి సార్ ముఖం విచ్చుకుంది, లడ్డూ డబ్బ పట్టుకొచ్చిండు. "తినక్కా, పండుగ" అన్నడు. నేను చేతుల స్పిరిట్ ఉందని తినలే.

షాహెదా కంప్యూటర్ ముందు కూసొని బాలమణి పేరు కొట్టింది. పేరు వచ్చింది. ఆమె ఊపిరి ఇడిచింది, "అల్లా" అన్నది. తెరిచింది. స్కాన్ అంటే కడుపును రొమ్ము కింది నుంచి నడుము దాక సన్నటి పొరలుగ కోసినట్టు వరసగ తీసిన బొమ్మలు. పైవి వచ్చినయి. ఊపిరితిత్తుల కొసలు వచ్చినయి, కాలేయం పైభాగం వచ్చింది. అక్కడి నుంచి కిందికి, తెల్లటి డై కిడ్నీల నరాలల్లకు పోయే జాగ రాకముందే బొమ్మలు ఆగిపోయినయి. ఆ కింది పొరలన్ని ఒడిల ఉండిపోయినయి. షాహెదా కిందికి జరుపుతనే ఉన్నది, జరపడానికి ఏమీ లేదు. మళ్ల పైకి పోయి మళ్ల కిందికి జరిపింది.

"మెషిన్‌ల ఉంటయేమో చూడు" అన్న.

"నేనే తుడిచిన గద అక్కా" అన్నది. అయినా స్కాన్ మెషిన్ కంపెనీ ఆయనకు ఫోన్ చేసింది. తుడిచినయి తిరిగి రావు అని ఆయన చెప్పిండు. "అయిపోయింది అని నేనే అన్న. నా నోటితోనే అన్న."

"నీ స్క్రీన్ అన్నది, నువ్వు చదివినవ్" అన్న. అది ఓదార్పు కోసం కాదు, నిజం. గని ఆమె ఇనలే.

శ్రీధర్ సార్ హైదరాబాద్ నుంచే రిపేరు సాఫ్ట్‌వేర్ నడిపించిండు, ఇంకేమైన ముక్కలు దొరుకుతయేమో అని. ఏమీ దొరకలే. నేను చేతులు కడుక్కుందామని బయటకు వచ్చిన. నల్లా కాడికి పోవాలంటే బెంచీ పక్కనుంచే పోవాలె. అప్పటికి రాజిరెడ్డి సార్ నర్సింలుతోని మాట్లాడి పోయినట్టున్నడు. నర్సింలు లేచి నిలవడి, బెంచీ మీద కూసున్న బాలమణిని కోప్పడ్తున్నడు, గొంతు పెంచకుండ, పండ్లు బిగించి.

"కదలొద్దు, కదలొద్దు అని లోపలికి పోయేటప్పుడు ఎన్ని మాట్ల చెప్పిన? ఒక్క ఘడియ ఊకె ఉండొస్తలేదా నీకు? ఇప్పుడు మళ్ల తియ్యాల్నట. మళ్ల ఆ మందు ఎవలిస్తరు? నీ కిడ్నీలకు నేను జవాబు చెప్పాల్నా?"

బాలమణి తలకాయ వంచుకొని, "నేను కదల్లే. ఊపిరి గూడ తియ్యలే" అన్నది.

"మేనేజర్ సార్ అబద్ధం చెప్తడా?"

నన్ను చూసి ఆయన ఆగిండు. గది నుంచి వచ్చిందాన్ని గదా. "అక్కా, నువ్వు లోపల చూసినవ్ గద. మా దాని బొమ్మ కదిలిందా?"

మా కంపెనీ నియమం, పేషెంట్లతోని మాట్లాడొద్దు. సెంటరోళ్ల సంగతి సెంటరోళ్లే చెప్పుకోవాలె. అది మంచి నియమం. ఇరవై ఏండ్లు దాన్ని దాటలే. ఆ నాడు దాటిన.

"కదల్లే తమ్మీ" అన్న. "మీ ఆమె చెప్పినట్టే పండుకున్నది. బొమ్మలు మంచిగ వచ్చినయి. వచ్చినంక మా పెట్టెల సరిగ్గ దాయకముందే కరెంటు తీసిన్రు. పైవి దొరికినయి, కిడ్నీలయి పోయినయి. ఎంత దేవులాడినా దొరకలే. ఇందుల మీ ఆమె తప్పు ఏమీ లేదు."

ఆయన నా ముఖం దిక్కే చూసిండు. కొడ్తడేమో అనుకున్న, లేకుంటే ఏడుస్తడేమో అనుకున్న. రెండూ చెయ్యలే. మెల్లగ కూసొని, ఛాయ్ గిలాస పక్కన ఉన్న నీళ్ల సీసా మూత తీసి ఆమెకు ఇచ్చిండు. ఆమె తాగలే. సీసా అట్లనే పట్టుకొని, "చెప్పిన గద" అన్నది.

రాజిరెడ్డి సార్‌కు తెలిసింది. నన్ను మెట్ల కాడ ఆపిండు. "బ్యాటరీలు మార్చేదానివి బ్యాటరీలు మార్చుకొని పోరాదు? మా పేషెంట్లకు పంచాంగం చెప్పుమన్ననా నిన్ను?" అన్నడు. ఆయన మనిషిగ చెడ్డోడు కాదు. ఆ సెంటర్ల గరీబోళ్లకు ఊకెనే స్కాన్ తీపించిన రోజులు గూడ నేను చూసిన. భయపడ్డోడు చేతికి దొరికిన అబద్ధం పట్టుకుంటడు. చేతికి దొరికింది జబ్బుమనిషి.

మా దిక్కు నుంచి కారణం రాసి ఇయ్యాలె. శ్రీధర్ సార్ రాసిండు: బ్యాటరీ చచ్చి ఉన్నది, అయినా ఒడి పట్టే సెట్టింగ్ మేమే పెట్టినం, పెట్టెను ఆపకుండ కరెంటు తీసిన్రు. సెట్టింగ్‌కు ఒప్పుకున్నది తానే అని తన పేరు గూడ రాసిండు. రాయకపోతే ఎవలు అడగకపోదురు. కంపెనీ ఆయనను కొన్నాళ్లు వేరే పనికి మార్చింది. సెంటరోళ్లు నన్ను మళ్ల పంపొద్దని చెప్పిన్రు. ఆ తర్వాత నేను ఆ మెట్లు ఎక్కలే. షాహెదా మీదికి మాట రాకుండ ఎవలూ ఆపలే. ఏడాదిలోపే కరీంనగర్ దిక్కు ఒక దవాఖానకు పోయింది. అక్కడ గూడ స్కాన్లే తీస్తది. బొమ్మలు పంపినంక డిస్కులు రాసుకునేటప్పుడు మిణికే దీపాలు ఆగినయో లేవో లేచి పోయి చూసి వస్తదంట, పక్కోళ్లు నవ్వుతరంట.

బాలమణికి డై లేకుండ ఒక స్కాన్ తీసిన్రు. దాంతోని కొయ్యలేనన్నడు డాక్టర్. కిడ్నీలు కుదురుకునే దాక ఆగమన్నరు. ఆగిన్రు. ఆగి, మళ్ల డై ఇచ్చి తీసిన్రు. అప్పటికి గడ్డ నరాలను పట్టుకుంది, ఆ కిడ్నీని మొత్తం తీసెయ్యాల్సి వచ్చింది. మిగిలిన కిడ్నీ మెల్లగ జారిపోయింది. ఇప్పుడు సిద్దిపేట పెద్ద దవాఖానల డయాలసిస్ చేపిచ్చుకుంటది. ఆగినందుకు పోయిందా, రెండో డైకి పోయిందా, ఎట్లాగూ పోయేదేనా, డాక్టర్లు చెప్పలే. నాకు చెప్పే చదువు లేదు. నర్సింలును దవాఖాన ముందట రెండు మూడు మాట్ల చూసిన. మగ్గం దించిండంట, వారంల సగం దినాలు దవాఖానలనే అయితే నేత ఎట్ల సాగుతది. నన్ను గుర్తుపట్టిండు. "బాగున్నవా అక్కా" అంటడు. ఇంకేమనడు.

ఆ కొలువుల నేను ఇంకో మూడేండ్లు చేసి దిగిపోయిన. ఆ మూడేండ్లు ఏ జాగకు పోయినా ఒక పద్ధతి పెట్టుకున్న. బ్యాటరీ చచ్చిందంటే పెట్టెను నత్తలెక్క నడవనిచ్చిన గని, ఒడి పట్టే సెట్టింగ్ నా చేతితోని నొక్కలే. నొక్కుమన్నోళ్లను నా ఇంజనీర్‌తోని మాట్లాడుకోమన్న. మాటలు పడ్డ, ఒకటి రెండు సెంటర్లు చేజారిపోయినయి. రిపేరును సెలవు దినానికి వాయిదా వేసినప్పుడు, ఆ సెలవుకు ముందు అక్కడ కరెంటు తీసేది ఎవలు, పెట్టెను పద్ధతిగ ఆపేది ఎవలు అన్నది ముందే తేల్చుకోవాలె. అది మేం తేల్చుకోలే.